అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి: చందా, విగ్రహం, మైక్, నిమజ్జనం

మధురవాడ_సి_బ్లాక్: మా అపార్ట్‌మెంట్‌లో ఈ ఏడే మొదటిసారి చవితి పెడుతున్నాం. ఫ్లాట్‌కి చందా ఎంత? మూడు రోజులా, ఐదా? మైక్ ఎన్నింటిదాకా? నిమజ్జనం ఎక్కడ?

ఎంవీపీ_అత్తయ్య: చందా సంగతి తర్వాత, ముందు మట్టి విగ్రహం తెండి. పోయినేడు మావాళ్లు రంగు బాగుందని ప్లాస్టర్ బొమ్మ తెచ్చారు. నిమజ్జనం మర్నాడు ఆర్కే బీచ్‌కి వెళ్తే తొండం విరిగిన స్వామి ఇసుకలో పడున్నాడు. కిరీటం మీద జరీ కాగితం కూడా ఊడలేదు. ఏడుపొచ్చేసింది.

గాజువాక_కుర్రాడు: మట్టితో పెద్ద విగ్రహం నిలబడదు అత్తయ్యా. ఎత్తుంటేనే పిల్లలకి సందడి.

కెమిస్ట్రీ_మాస్టారు: జీవితమంతా కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, వినండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లతో గట్టిపడితే జిప్సమ్ అవుతుంది, మట్టిలా విడిపోదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే వద్దంది. మట్టి నిలబడదా? 2022లో ఖైరతాబాద్‌లో 50 అడుగుల మట్టి వినాయకుడు నిలబడలేదూ?

గాజువాక_కుర్రాడు: వాళ్లకి డబ్బుంది మాస్టారూ. ఇనప ఫ్రేము, గడ్డి, వాన పడకుండా షెడ్డు, మాకెక్కణ్ణుంచి వస్తాయి? మాకు భక్తి లేనట్టు మాట్లాడకండి.

ఎంవీపీ_అత్తయ్య: భక్తి లేదని ఎవరన్నారు బాబూ? రెండడుగుల స్వామి చాలంటున్నా. డ్రమ్ములో నిమజ్జనం చేసి ఆ మట్టి మొక్కలకి పోసుకోవచ్చు.

సీతమ్మధార_సత్య: మైక్ మాట ఎవరూ ఎత్తరేం? రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. మా నాన్నగారికి గుండె ఆపరేషనైన వారమే కింద డీజే పెట్టారు. కిటికీ అద్దాలు అదిరాయి.

గాజువాక_కుర్రాడు: పండక్కి కూడా పాటలొద్దంటే ఎలాగండీ?

సీతమ్మధార_సత్య: ఆ మంచం మీద మీ నాన్నగారుంటే ఈ మాట అనేవాడివా?

పూర్ణామార్కెట్_పద్మ: గొడవాపండి. పత్రి సంగతి చూసుకోండి. కట్టలో చుట్టిచ్చిన ఆకులన్నీ పత్రి కావు. మాచిపత్రి నలిపి వాసన చూడండి, గరిక లేతది ఏరుకోండి. వినాయకుడికి తులసి పెట్టేది ఈ ఒక్కరోజే. పాలవెల్లికి వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు మర్చిపోకండి.

ఎంవీపీ_అత్తయ్య: పద్మా, ఉండ్రాళ్లు గట్టిపడకుండా ఎలా చేస్తావమ్మా?

పూర్ణామార్కెట్_పద్మ: గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లత్తయ్యా. నానిన శనగపప్పు ఎసట్లోనే వేసెయ్యండి. చెయ్యి తడి చేసుకుని గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండ కట్టండి.

మధురవాడ_సి_బ్లాక్: చందా ఎంతో ఒక్కరైనా చెప్పండి ప్లీజ్.

పూర్ణామార్కెట్_పద్మ: మా దగ్గర ఫ్లాట్‌కి 1000. అద్దెకున్నవాళ్లనీ అడగండి, వదిలేస్తే ప్రసాదానికి కిందకి రావడానికి కూడా మొహమాటపడతారు.