బోదెలోకి జారిపోతున్న పెరడు: గోడ మళ్ళీ కట్టాలా, వద్దా?

పెరటిమొగ ప్రశ్న:

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కోనసీమలో వాలు స్థలం ఏంటని నవ్వకండి. వానాకాలం నీళ్ళు గుమ్మంలోకి వచ్చేస్తున్నాయని, కొత్తిల్లు కట్టేటప్పుడు నాన్న నాలుగడుగులు మెరక చేయించారు. వెనక అరుగు నుంచి పంటబోదె (పొలాలకి నీళ్ళు పారే చిన్న కాలువ) గట్టు దాకా 40 అడుగులుంటుంది. ఆ నాలుగడుగుల పల్లమూ అందులోనే. కింద నల్లమట్టి, పైన పోసింది బుసక, అంటే వదులుగా ఉండే ఇసకమట్టి. వాన పడ్డప్పుడల్లా బుసక కరిగి బోదె పాలవుతోంది.

నిరుడు సొంతంగా రెండు పనులు చేశాను, రెండూ చెడ్డాయి. కడియం నర్సరీలకి వెళ్ళి లాన్ గడ్డి పలకలు తెచ్చి పరిచాను. వారం తిరక్కుండా పెద్ద వాన. పొద్దున్నే చూస్తే పలకలన్నీ తడిసిన గోనెపట్టాల్లా జారి అరటి పిలకల దగ్గర పోగుపడి ఉన్నాయి. మా ఆవిడ చూసి ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. తర్వాత వీడియోలు చూసి బోదె వైపు మూడడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టాను. శ్రావణంలో అది బోదె వైపు ఒరిగింది. పగుల్లో వేలు దూరుతుంది. ఇప్పుడు వెదురు పోట్లు పెట్టి ఆపాను.

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాయి, కాలువలకి నీళ్ళు కట్టేశారు. నేను కాకినాడ నుంచి శనివారాలే వస్తాను. మళ్ళీ కాలువ వదిలేలోపు ఐదారు వారాలుంటాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ కింద ఉన్న కరివేపాకు చెట్టు దాకా దిగాలి. మధ్యలో రెండు కొబ్బరి చెట్లున్నాయి, కొట్టను. తొమ్మిదంగుళాల గోడ కడితే నిలుస్తుందా?

మేస్త్రిగారబ్బాయి:

గోడలో నీరు పోవడానికి తూములు పెట్టారా అన్నయ్యా? శ్లాబు నీళ్ళు ఎటు పడుతున్నాయి?

పెరటిమొగ:

తూములా, ఒక్కటీ లేదు తమ్ముడూ. శ్లాబు గొట్టాలు రెండూ పెరట్లోకే.

మేస్త్రిగారబ్బాయి:

దొరికింది. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు మీద అంగుళం వాన పడితే సుమారు 2,300 లీటర్లు. అంటే పెద్ద డ్రమ్ములు పదకొండు పన్నెండు తెచ్చి మీ బుసక మీద కుమ్మరించినట్టే. పైగా నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వెనక నీరు నిలబడి మట్టి ఉబ్బి తోస్తే తొమ్మిదంగుళాల గోడ కూడా ఒరుగుతుంది, కాకపోతే ఇంకో ఏడాది ఆగి ఒరుగుతుంది. ముందు ఆ గొట్టాలు పక్కసందులోంచి రోడ్డు డ్రైన్లోకి తిప్పండి. మొదటి శనివారం ఇదే పని. పార ముట్టుకోకండి.

లంకరైతు:

బాబూ, ఆ గోడ కూల్చెయ్యి. మూడు మడులుగా మెట్లు చెయ్యి. ఒక్కో మడి 13 అడుగులు, ఒక్కో మడి చివర అడుగు దిగుడు. మిగిలిన అడుగు మడిలో నాలుగేసి అంగుళాల వాలుగా వదిలితే నీరు నిలవదు, పరుగెత్తదు. లెవెల్‌కి పారదర్శకంగా ఉండే గొట్టంలో నీళ్ళు పోసి చూసుకో, కంటిని నమ్మకు.

ప్రతి మడిలో పై సగం తవ్విన మట్టే కింది సగానికి సరిపోతుంది, లారీ మట్టి కొనక్కర్లేదు. ఒకేసారి పోసెయ్యకు ఆయ్. జానెడు మందం పొయ్యి, తడుపు, దిమ్మిసతో కొట్టు, మళ్ళీ పొయ్యి. చేతులు బొబ్బలెక్కుతాయి, తప్పదు.

అడ్డుకి సరుగుడు గుంజలు రెండడుగులు లోపలికి దిగ్గొట్టి, పైన అడుగు మిగల్చు. కొబ్బరి దుంగలు పెడదామని ఎవరైనా అంటే వినకు, మా ఇంట్లో నాలుగేళ్ళకే చెదపట్టి పొడైపోయాయి. గుంజల వెనక నీ గోడ ఇటుక ముక్కలే పొయ్యి, నీరు దిగిపోతుంది. ప్రతి అంచునా వట్టివేరు పిలకలు జానెడుకొకటి వరసగా నాటు. దాని వేరు పక్కకి పాకదు, నిలువునా కిందికి దిగుతుంది. రెండో ఏటికి గుంజ కుళ్ళినా కట్ట అదే పట్టుకుంటుంది.

కొబ్బరి మొదలుకి ఆరడుగుల లోపు గునపం వెయ్యకు. బోదె గట్టు జోలికీ పోకు, పూడిక తీసేవాళ్ళు నడవాలి.

గోరింటాకు:

అందరూ మట్టి గురించే చెప్పారు, అమ్మగారి గురించి ఎవరూ చెప్పలేదు. అడుగు దిగుడు ఆవిడ దిగలేరండీ. ఒక పక్కన అడుగుకి రెండు మెట్లు చొప్పున కట్టి, పట్టుకోవడానికి జీఐ పైపు పెట్టండి. అంతకన్నా తేలిక, కరివేపాకు పిలక ఒకటి తెచ్చి అరుగు పక్కనే నాటండి.

పెరటిమొగ (ఆరు వారాల తర్వాత):

పిలక పైన నాటాను. అమ్మ మాత్రం కింది చెట్టు ఆకే వాసనొస్తుందని పైపు పట్టుకుని దిగుతోంది. కింది మడి ఇంకా కాలేదు, దిమ్మిస కొట్టి కొట్టి నడుం పట్టేసింది. నిన్న రాత్రి తొలి వాన. టార్చి వేసి చూశాను. రెండో మడి అంచున, వట్టివేరు నాటని చోట, పళ్ళెమంత గుంట పడింది. బోదెలో మాత్రం బుసక లేదు. మా ఆవిడ ఈసారి మాట్లాడింది: "ఆ గుంట దగ్గర కూడా నాటేయండి."