నవంబరు 16 ప్రదర్శన: హాలు సంగతి అత్యవసరం

సరోజిని: అందరికీ నమస్కారం. 16వ తేదీకి హాలు ఇవ్వలేమని యాజమాన్యం ఈ ఉదయం తెలియజేసింది. గోడలకు ఏదీ తగిలించకూడదన్న నిబంధనను కారణంగా చూపారు, అడ్వాన్సు మాత్రం నెలాఖరు దాకా తిరిగి ఇవ్వరట. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు మొదటి భారతీయ ఒప్పంద కూలీలతో వచ్చిన ట్రూరో ఓడ ప్రయాణికుల జాబితాను అచ్చు వేయించిన బోర్డులను ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి. భోజనాలు, పాటలు, ఆహ్వానాల జాబితా తర్వాత చూద్దాం.

వేణు: రసీదు లేకుండా నోటిమాట మీద హాలు మాట్లాడుకోవడం మనకు అలవాటైపోయింది. అచ్చుకు ఇప్పటికే డబ్బు కట్టేశాం కాబట్టి మరో హాలు తీసుకునే స్తోమత లేదు. ఈ ఏడాదికి మానేద్దాం.

సరోజిని: హాళ్ల చుట్టూ తిరిగేటప్పుడు తోడు రానివారికి ఇప్పుడు రసీదు గుర్తొచ్చింది. మానేసేటట్లయితే పిలిచిన పెద్దలందరికీ మీరే ఫోన్ చేసి చెప్పండి, వేణు గారూ.

అప్పన్న: ఇద్దరూ కాస్త శాంతించండి. జనం వచ్చేది బోర్డుల కోసం కాదు, ముత్తాత పేరు కోసం. గుడి భోజనశాలలో నాలుగు బల్లలు వేసి, ల్యాప్‌టాప్‌లలో ఓడ జాబితాల డేటాబేస్ తెరిచి కూర్చుందాం. 1911 వరకు అలా వచ్చిన 1,52,184 మంది ఒప్పంద కూలీల్లో అప్పయ్యలు, ముత్తమ్మలు ఎందరో ఉంటారు. జాబితాలో తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీది మచ్చ సైతం రాశారు గానీ ఇంటిపేరుకు గడే లేదు. అందువల్ల ముందు కలోనియల్ నంబరు, అంటే ఒక్కో కూలీకి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, పట్టుకోవాలి. ఒప్పంద కూలీల పెళ్లి నమోదులోనూ, వారి పిల్లల జనన నమోదులోనూ ఆ నంబరు రాసేవారు కాబట్టి, ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ వెంట తెమ్మని అందరికీ కబురు పెట్టండి.

వేణు: మాస్టారూ, మా ఇంటి కాగితంలో నార్త్ ఆర్కాట్ అని ఉంది. తమిళనాడులో ఎంత వెతికించినా ఆ ఊరు దొరకలేదు.

అప్పన్న: 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు నార్త్ ఆర్కాట్ జిల్లాలోనే ఉండేవి. తాలూకా గడి చూడకుండా జిల్లా పేరును నమ్ముకోవద్దు. శ్రీకాకుళం వారి కోసం గంజాం కింద కూడా చూడాలి, ఎందుకంటే 1936 వరకు ఆ ఊరు గంజాం జిల్లాలోనే ఉండేది. సొంత ఖర్చుతో వచ్చిన వ్యాపారులు ఈ జాబితాల్లో ఉండరు కాబట్టి, వారి వారసులను పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని ఎస్టేటు దస్త్రాల (చనిపోయినవారి ఆస్తి కాగితాల) వైపు పంపుదాం.

సరోజిని: గుడివారు మధ్యాహ్నం రెండింటి దాకా ఒప్పుకున్నారు. బోర్డులను కిటికీల కింద ఆనించి పెట్టుకోవచ్చన్నారు. ప్లగ్ పాయింటు మాత్రం ఒక్కటే ఉంది.

వేణు: ఎక్స్‌టెన్షన్ బోర్డు, ప్రింటరు నేను తెస్తాను. పాత మద్రాసు ప్రెసిడెన్సీ పటం ఒకటి ప్రింటు తీయిస్తాను, తాలూకాలు కనపడేలా. అడ్వాన్సు సంగతి కూడా నేనే మాట్లాడతాను, సరోజిని గారూ. భోజనశాల తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?