చర్చ: ఫ్రీజ్ తర్వాత వచ్చిన ప్యాచ్‌ను తీసుకోవాలా, ఆపాలా?

తుంగభద్ర:
నేను ఖాళీ సమయంలో పనిచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఈమధ్య పెద్ద వాదనే జరిగింది. ఫ్రీజ్ (విడుదలకు ముందు కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపే దశ) మొదలయ్యాక నేను పంపిన ప్యాచ్‌లో (కోడ్ మార్పులో) ఒక బగ్ సవరణతో పాటు, ఆ బగ్ వల్ల పాడైన ఫైళ్లను తిరిగి రాబట్టే కమాండు కూడా ఉంది. ప్రాజెక్టు బాధ్యత చూసే మెయింటెయినర్ సవరణను తీసుకొని, కమాండును కొత్త ఫీచర్‌గా లెక్కగట్టి తర్వాతి విడుదలకు వాయిదా వేశారు. ఫైళ్లు పోయినవారిని అన్నాళ్లు ఆగమనడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఇలాంటి అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

రాత్రిబిల్డ్:
తుంగభద్ర గారూ, లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే, డిస్క్ మీద ఫైళ్లను నిర్వహించే ఫైల్ సిస్టమ్ విషయంలో జరిగిన గొడవ అచ్చంగా మీ ప్రశ్నే. కెర్నెల్‌లో కొత్త కోడ్ చేర్చుకోవడానికి రెండు వారాల మెర్జ్ విండో ఉంటుంది. ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆర్‌సీలు (విడుదలకు ముందరి పరీక్షా వెర్షన్లు) వెలువడే ఏడెనిమిది వారాలూ సవరణలకే పరిమితం. 6.7 వెర్షన్ కోసం 2023లో కెర్నెల్‌లో చేరిన ఈ ఫైల్ సిస్టమ్ నుంచి, 2024 ఆగస్టులో 6.11 ఆర్‌సీ దశ నడుస్తుండగా, వెయ్యి లైన్లకు మించిన పుల్ రిక్వెస్ట్ (మార్పులను చేర్చుకోమనే అభ్యర్థన) వచ్చింది. అది పరిమాణంలో మితిమీరిందనీ, ఫైల్ సిస్టమ్‌కు బయటి కోడ్‌ను కూడా తాకుతోందనీ, పాతది చెడిపోతే చేసే సవరణ కానే కాదనీ కెర్నెల్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అభ్యంతరం చెప్పారు.

మళ్లీ 2025 జూన్‌లో, 6.16 ఆర్‌సీ దశలో, జర్నల్‌ను (మార్పుల చిట్టాను) వెనక్కి తిప్పి ఫైల్ సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే సదుపాయం వచ్చింది. డేటా కోల్పోయినవారికి అది వెంటనే అందాలని బీక్యాష్‌ఎఫ్‌ఎస్ రచయిత కెంట్ ఓవర్‌స్ట్రీట్ వాదించారు. టోర్వాల్డ్స్ దాన్ని తీసుకున్నారు కానీ, 6.17 మెర్జ్ విండోలో దారులు వేరవుతాయని అప్పుడే రాశారు. అన్నట్టే 6.17లో కొత్త మార్పులు తీసుకోలేదు, 6.18కి కోడ్‌నే తొలగించారు. ఇప్పుడది విడిగా డీకేఎంఎస్ మాడ్యూల్‌గా (కెర్నెల్‌కు బయటి నుంచి జతచేసుకునే భాగంగా) అందుతోంది.

ఓవర్‌స్ట్రీట్ ఆవేదన నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఫైల్ సిస్టమ్ రాసేవారికి వినియోగదారుడి డేటా కంటే ముఖ్యమైనది మరొకటి ఉండదు. అయినా నేను టోర్వాల్డ్స్ పక్షమే: పోయిన డేటాను రాబట్టే కోడ్‌ను తగినంతగా పరీక్షించకుండా పంపితే, ఉన్న డేటా కూడా పోయే ప్రమాదం అందులోనే ఉంది.

కృష్ణాతీరం:
ఆలస్యంగా రావడం ఒక్కటే కారణంగా ప్యాచ్‌లు ఆగిపోవడం అరుదని నా అనుభవం. 2025 ఆగస్టులో 6.17 మెర్జ్ విండో చివర్లో వచ్చిన రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ల కోడ్ పుల్ రిక్వెస్ట్‌ను టోర్వాల్డ్స్ తిరస్కరించిన సంగతి చూడండి. తాను ప్రయాణంలో ఉంటాను కనుక త్వరగా పంపమని ఆయన ముందే చెప్పి ఉన్నారు; దానికి తోడు, రెండు 16 బిట్ల సంఖ్యలను కలిపి ఒక 32 బిట్ల సంఖ్య చేసే చిన్న ఫంక్షన్‌ను అందరూ వాడే హెడర్ ఫైల్లో చేర్చడం ఆయనకు నచ్చలేదు. ఫంక్షన్ పేరు చూస్తే ఏ సగం పైకి వెళుతుందో తెలియదు, అదే ఒక సంఖ్య బిట్లను షిఫ్ట్ చేసి (పక్కకు జరిపి) రెండోది కూడితే చదివినవారికి ఇట్టే తెలుస్తుంది. ఆయన వాడిన మాటలు కటువైనవి, ఆ కటుత్వాన్ని నేను సమర్థించను. అభ్యంతరం మాత్రం సరైనదే. ఆలస్యంగా వచ్చేది శుభ్రంగానైనా ఉండాలి.

సాయంసంధ్య:
గడువుకు కాస్త ముందు చేరిన కోడ్ కూడా క్షేమమని అనుకోలేము. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఏటా ఏప్రిల్‌లో ఫీచర్ ఫ్రీజ్ ఉంటుంది. 15వ వెర్షన్ కోసం 2022 వసంతంలో, ఫ్రీజ్ దగ్గరపడిన వేళ, ఎస్‌క్యూఎల్ జేసన్ ఫీచర్లు (జేసన్ రూపంలోని డేటాతో పనిచేసే సదుపాయాలు) చేరాయి. డిజైన్‌పై, పనితీరుపై సందేహాలు తీరకపోవడంతో విడుదలకు నెలన్నర ముందు, సెప్టెంబరులో, మొత్తం రివర్ట్ చేశారు (వెనక్కి తీసేశారు). వాటిలో కొన్ని 16లో, జేసన్ టేబుల్ అనే ఫీచర్ 17లో వచ్చాయి. ఏళ్ల తరబడి ఆ ప్యాచ్‌లపై పనిచేసినవారికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించగలను. కానీ డేటాబేస్‌లో ఒకసారి విడుదలైన సింటాక్స్‌ను (కమాండులు రాసే తీరును) వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం.

తుంగభద్ర:
అందరికీ ధన్యవాదాలు. సాయంసంధ్య గారి చివరి మాట నన్ను ఆలోచింపజేసింది, ఎందుకంటే నా కమాండు పేరు, ఆప్షన్లు కూడా ఒకసారి బయటికి వెళితే మార్చలేనివే. మరి ఈలోగా ఫైళ్లు పోయినవారికి ఏం చెప్పాలి?

రాత్రిబిల్డ్:
కమాండును విడిగా ఒక బ్రాంచ్‌లో (కోడ్ శాఖలో) ఉంచి, దాన్ని ఎలా బిల్డ్ చేసుకోవాలో బగ్ రిపోర్టు కిందే రాయండి. అసలు డిస్క్ మీద కాకుండా నకలు మీదే నడపమని మొదటి వాక్యంలోనే హెచ్చరించండి. అవసరమైనవారు ఈ రోజే వాడుకోగలుగుతారు, వారికి ఎదురైన ఇబ్బందులు తర్వాతి విడుదలలోగా మీ దృష్టికి వస్తాయి. మెయింటెయినర్‌కు ఆ బ్రాంచ్ లింకు పంపి, ఫ్రీజ్ ఎత్తేసిన రోజే రివ్యూ మొదలుపెట్టగలరా అని అడగండి.