కొత్త బ్యాట్‌కు నాకింగ్: ఏ మ్యాలెట్ ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇన్నాళ్లూ టెన్నిస్ బంతితోనే ఆడేవాడు. ఇప్పుడు తోలు బంతితో ఆడే స్థాయికి వచ్చాడు కాబట్టి మొదటిసారిగా ఇంగ్లిష్ విల్లో బ్యాట్ కొన్నాము. బ్యాట్‌కు ముందే నాకింగ్ (ఆటకు ముందు మెల్లగా కొట్టి కొట్టి ముఖాన్ని గట్టిపరచడం) చేశామని దాని మీద ఒక చీటీ అంటించి ఉంది గానీ, వాడి కోచ్ మాత్రం ఆ చీటీని నమ్ముకోవద్దనీ, కొన్ని గంటలైనా మ్యాలెట్ అనే సుత్తితో కొట్టిన తరువాతే నెట్స్‌కు తీసుకురమ్మనీ చెప్పారు. మ్యాలెట్ కోసం వెతికితే మూడు రకాలు కనిపించాయి: పూర్తిగా చెక్కతో చేసినది ఒకటి, కర్ర చివర క్రికెట్ బంతిని బిగించినది ఒకటి, గట్టి ప్లాస్టిక్ తల ఉన్నది ఒకటి. ఇంట్లో మేకులు కొట్టే ఇనుప సుత్తీ, రబ్బరు సుత్తీ ఎలాగూ ఉన్నాయి. పాత బంతిని మేజోడులో వేసి కొడితే సరిపోతుందని మరొకరు అన్నారు. వీటిలో దేనిని ఎంచుకోవాలో, దానితో ఎక్కడ, ఎంత బలంగా కొట్టాలో అనుభవమున్నవారు వివరించగలరని మనవి.

మొదటి జవాబు

ముందుగా ఆ ఇనుప సుత్తిని ఎవరికీ కనిపించకుండా దాచేయండి. దాని తల చిన్నది, అంచు పదునైనది. ఒక్క దెబ్బకే విల్లో పీచు అణగడానికి బదులు తెగిపోతుంది. రబ్బరు సుత్తిది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన లోపం. దెబ్బ బలంలో చాలా భాగాన్ని రబ్బరే మింగేస్తుంది కాబట్టి గంటలకొద్దీ కొట్టామన్న తృప్తి మనకు మిగులుతుంది గానీ బ్యాట్ ముఖం గట్టిపడదు.

ఏ మ్యాలెట్ కొనాలో తేలాలంటే అది చేసే పని ఏమిటో తెలియాలి. విల్లో తేలికైన, మెత్తని చెక్క. బ్యాట్ తయారుచేసేవారు పలకను (హ్యాండిల్ కింది వెడల్పు భాగాన్ని) ప్రెస్‌లో పెట్టి ఒత్తి, ముఖం పైపొరను కొంతవరకు గట్టిపరుస్తారు. అయితే మరీ ఎక్కువగా ఒత్తితే బంతిని తిప్పికొట్టే గుణం తగ్గిపోతుంది గనుక ఒక హద్దు దగ్గర ఆపేస్తారు, ఆ మిగిలిన పనినే మనం ఇంట్లో మ్యాలెట్‌తో పూర్తిచేస్తాము. పలకలో నిలువునా సాగే పీచు దెబ్బ మీద దెబ్బ పడి బాగా దగ్గరపడితే, బంతి తగిలినప్పుడు విచ్చుకోకుండా ఆ తాకిడికి తట్టుకుంటుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ప్రెస్ అయినా, నాకింగ్ యంత్రమైనా చదునైన ముఖాన్ని బాగానే ఒత్తగలవు గానీ, ముఖమూ పక్క అంచూ కలిసే మూల వాటికి అంత బాగా లొంగదు. బ్యాట్ పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది ఆ మూలల దగ్గరా, టో (పలక అడుగు కొస) దగ్గరానే. ముందే నాకింగ్ చేసిన బ్యాట్‌నైనా మళ్లీ కొట్టమని మీ కోచ్ చెప్పడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

కాబట్టి మధ్యభాగాన్ని ఏ మ్యాలెట్ బాగా కొడుతుందన్న ప్రశ్న కంటే, మూలను ఏది అదుపుతో కొట్టగలదన్న ప్రశ్నతో ఎంపిక మొదలుపెట్టండి. నా ఓటు చెక్క మ్యాలెట్‌కే. దాని తల ఎక్కడ తగులుతోందో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, ఏటవాలుగా కొట్టినా చేతిలో నిలుస్తుంది. బంతి మ్యాలెట్ కూడా చెడ్డదేమీ కాదు. దాని వంపు ఆటలో తగిలే బంతి వంపే కాబట్టి పలక మధ్యభాగానికి హాయిగా పనికివస్తుంది. కానీ అంచు మీద అది ఇట్టే జారుతుంది. పైగా బంతిని బిగించిన విధానం బాగా లేకపోతే కొంతసేపటికి తల వదులై తిరగడం మొదలుపెడుతుంది, అప్పుడు సీమ్ (బంతి మీది కుట్టు) వచ్చి పలక మీద గీత పెడుతుంది. ప్లాస్టిక్ తల ఉన్నదాన్ని కొనదలిస్తే అచ్చులో పోసినప్పుడు మిగిలే సన్నని గట్టు కొట్టే వైపున లేకుండా చూసుకోండి.

చెక్క మ్యాలెట్‌ను చేతిలోకి తీసుకోగానే తల చుట్టూ అంచు మీద బొటనవేలు ఒత్తుతూ తిప్పి చూడండి. ఎక్కడైనా వేలికి కోసినట్టు అనిపిస్తే అది విల్లోకు ఇంకా బాగా అనిపిస్తుంది. నేను మొదటిసారి కొన్న మ్యాలెట్ తల అంచు పదునుగా ఉన్న సంగతి పట్టించుకోకుండా అరగంట కొట్టాను. ఆ తరువాత వెలుతురులో చూస్తే పలక నిండా నెలవంకల్లాంటి గాట్లు. అవి మళ్లీ పోలేదు. గరుకు కాగితంతో అయిదు నిమిషాలు రుద్దివుంటే ఆ నష్టం జరిగేది కాదు. కొట్టే ముఖం బల్లపరుపుగా కాక కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటే మంచిది, ఎందుకంటే చేయి కాస్త వాలినా అంచు గుచ్చుకోదు. తల కర్రకు గట్టిగా దిగి ఉండాలి, ఊపితే కదలకూడదు. బరువు సంగతికి వస్తే, పురుషుల ఆటలో వాడే బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాముల వరకు ఉంటుంది. మ్యాలెట్ తల అంతకు కొంచెం అటూ ఇటూగా ఉంటే చాలు. బరువైనది కొంటే పని తొందరగా తెమిలిపోతుందని అనుకోకండి, చేయి అలసిపోయి దెబ్బ గురి తప్పుతుంది.

రెండవ జవాబు

ఎంపిక గురించి పై మిత్రులు చెప్పినది సమగ్రంగా ఉంది కాబట్టి నేను వాడకం గురించి మాత్రమే రాస్తాను.

మ్యాలెట్ పట్టుకునే ముందు నూనె పని ఉంటుంది. పచ్చి అవిసె నూనె మాత్రమే వాడాలి. రంగుల పనికి అమ్మే మరిగించిన అవిసె నూనె వేరు, అది వద్దు. ఒక చిన్న చెంచాడు నూనెను మెత్తని గుడ్డతో ముఖానికీ, అంచులకూ, టోకూ పలుచగా పట్టించి, బ్యాట్‌ను ముఖం పైకి ఉండేలా పడుకోబెట్టి రాత్రంతా వదిలేయండి. నిలబెడితే నూనె టోలోకి దిగి అక్కడ బరువు చేరుతుంది. ఇలా రెండు మూడు సార్లు, ప్రతిసారీ ముందటిది ఇంకిన తరువాతే పట్టించాలి. హ్యాండిల్ పలకలోకి దిగిన అతుకు దగ్గరకు నూనె చేరకూడదు, అక్కడి జిగురు పట్టు వదలవచ్చు. ఎక్కువ నూనె పోస్తే బ్యాట్ బరువెక్కి చచ్చుబడుతుంది.

తరువాత కుర్చీలో కూర్చొని, మడతపెట్టిన మందపాటి దుప్పటిని ఒడిలో పరచుకొని, బ్యాట్‌ను దాని మీద అడ్డంగా పెట్టుకోండి. బ్యాట్‌ను నేల మీదా బండ మీదా పెట్టి కొట్టకండి: వెనుకవైపు వెన్ను ఒక్కటే నేలకు ఆని ఉంటుంది, రెండు పక్కలా కింద ఆధారం ఉండదు, దెబ్బంతా ఆ సన్నని గీత మీదే పడుతుంది. మొదటి రోజు మ్యాలెట్‌ను దాని బరువుతోనే పడనివ్వండి, మీరు బలం కలపకండి. టో పైనుంచి మొదలుపెట్టి స్టిక్కర్ల కింది వరకు, ఒక దెబ్బ పక్కనే ఇంకో దెబ్బ పడేలా, పొలంలో చాలు పక్కన చాలు వేసినట్టు సాగాలి. పది పదిహేను నిమిషాలకు ఒకసారి ఆపేయండి. రోజుకు రోజు బలం కొంచెం కొంచెంగా పెంచుతూ, చివరికి ఒక మోస్తరు వేగంతో వచ్చే బంతి తాకిడి వరకు తీసుకువెళ్లండి. ఏమీ కొట్టని కొత్త బ్యాట్‌కు మొత్తం మీద మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. మీది ముందే నాకింగ్ చేసినదైతే మధ్యభాగానికి ఒక గంట సరిపోవచ్చు, కానీ అంచులకు మాత్రం ఆ తగ్గింపు వర్తించదు.

అంచులను కొట్టేటప్పుడు మ్యాలెట్‌ను ముఖానికి సుమారు 45 డిగ్రీల కోణంలో వాల్చి, మూల మీద రాసుకుంటూ పోయేలా తేలికగా కొట్టాలి. పదునైన మూల నెమ్మదిగా గుండ్రంగా మారాలి. కొన్ని దెబ్బల తరువాత వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. పక్క అంచును ఎదురుగా, అంటే పక్క నుంచి నేరుగా ఎన్నడూ కొట్టకూడదు. ఆటలోనూ బంతి అటువైపు నుంచి అరుదుగానే వస్తుంది, పీచు అటువైపు దెబ్బకు సులభంగా విచ్చుకుంటుంది. బ్యాట్ వెనుక భాగాన్నీ, టో అడుగునూ, అతుకునూ ముట్టుకోనవసరం లేదు. టో మూలలను మాత్రం అంచులలాగే ఏటవాలుగా, ఇంకా తేలికగా కొట్టండి. చివరలో మ్యాలెట్ నున్నని పిడిని మూల పొడవునా నొక్కిపట్టి రుద్దితే ఆ గుండ్రదనం స్థిరపడుతుంది.

శబ్దాన్ని వినడం అలవాటు చేసుకోండి. మొదట్లో దెబ్బకు మెత్తని, మొద్దు శబ్దం వస్తుంది. ముఖం గట్టిపడిన చోట అది పదునుగా, టక్కుమని మోగుతుంది. ఎక్కడ ఇంకా మొద్దుగా మోగుతోందో అక్కడే మళ్లీ కొట్టాలి.

మూడవ జవాబు

పై ఇద్దరితో కొంత విభేదిస్తున్నాను. చెక్క మ్యాలెట్ కొత్తవారి చేతిలో బ్యాట్‌ను పాడుచేసిన సందర్భాలు చూశాను. పాత బంతిని మేజోడులో వేసి కొట్టినా బ్యాట్లు సిద్ధమవుతాయి, నేను చాలా ఏళ్లు అలాగే చేశాను. పెద్ద పగుళ్లేమీ రాలేదు.

మొదటి జవాబు రాసినవారు తిరిగి

మీ అనుభవాన్ని కాదనను. మేజోడు పద్ధతిలో నాకు కనిపించే ఇబ్బంది గురి ఒక్కటే: మధ్యలో కొట్టినంతసేపు ఏ చిక్కూ లేదు, మూల దగ్గరకు వచ్చేసరికి బంతి ఎటు ఊగుతుందో, సీమ్ ఎటు తిరుగుతుందో మన చేతిలో ఉండదు. భయం ఉన్నవారు మొదటి గంట బంతి మ్యాలెట్‌తో ముఖాన్ని కొట్టి, చేయి కుదిరిన తరువాత మూలల కోసం చెక్క మ్యాలెట్ తీసుకుంటే మీ మాటా నా మాటా రెండూ నెగ్గుతాయి.

ప్రశ్నించినవారు తిరిగి

అందరికీ కృతజ్ఞతలు. చెక్క మ్యాలెట్‌నే తీసుకున్నాను, తల అంచు నిజంగానే పదునుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దాను. రెండు సందేహాలు మిగిలాయి. బ్యాట్ ముఖానికి పారదర్శకమైన షీట్ ముందే అంటించి ఉంది, దానిని తీసేయాలా? మేము ఉండేది పై అంతస్తులో కాబట్టి శబ్దం గురించి కూడా ఏమైనా ఉపాయం చెప్పగలరు.

రెండవ జవాబు రాసినవారు తిరిగి

షీట్‌ను తీయవద్దు. తీస్తే దానితోపాటు విల్లో పైపొర నుంచి సన్నని పెచ్చులు లేచిరావచ్చు. షీట్ మీదుగానే కొట్టవచ్చు. అయితే దాని కింద గాలి బుడగ కనిపిస్తే ఆ చోట ఆపి, బొటనవేలితో అంచు వైపుకు నెట్టి ఆ తరువాత కొనసాగించండి. నూనె షీట్‌ను దాటి లోపలికి వెళ్లదు గనుక చెక్క బయటికి కనిపించే చోట్ల మాత్రమే పట్టించండి. కొత్తగా షీట్ అంటించుకొనేవారు నాకింగ్ పూర్తయ్యాకే అంటించాలి. క్రికెట్ చట్టాల ప్రకారం పలక ముఖం మీది కవచం మందం 1 మిల్లీమీటరు దాటకూడదు, టో కింద అంటించే రక్షణ పొర 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అందువల్ల మందమైన షీట్ వేస్తే నాకింగ్ అక్కరలేదన్న ఆలోచన ఎలాగూ చెల్లదు.

శబ్దాన్ని పూర్తిగా ఆపలేము. ఒడిలోని దుప్పటి మడతలు పెంచితే నేలలోకి దిగే అదురు చాలావరకు తగ్గుతుంది. మిగిలినదానికి వేళ చూసుకోవడమే ఉపాయం, ఎలాగూ రోజుకు పది పదిహేను నిమిషాల పనే కదా.

ప్రశ్నించినవారు, కొన్ని రోజుల తరువాత

రోజుకు పావుగంట చొప్పున ఇప్పటికి సుమారు మూడు గంటలు పూర్తయింది. మధ్యభాగం టక్కుమని మోగుతోంది. నిన్న ఇంటి దగ్గరే పాత తోలు బంతిని మెల్లగా విసిరి మా అబ్బాయి చేత ఆడించాను. మధ్యలో ఏ గుర్తూ పడలేదు గానీ, టోకు రెండు మూడు అంగుళాల పైన, ఒక పక్క అంచుకు దగ్గరగా సీమ్ గుర్తులు లోతుగా పడ్డాయి. బ్యాట్ పాడైపోయిందా?

మొదటి జవాబు రాసినవారు తిరిగి

పాడవలేదు, ఇంకా ఎక్కడ కొట్టాలో బ్యాట్ మీకు గీసి చూపించింది. లోతుగా సీమ్ గుర్తు పడిందంటే అక్కడ పీచు ఇంకా మెత్తగా ఉందని అర్థం. మనలో చాలామంది మోగే మధ్యభాగాన్నే ఇష్టంగా కొడుతూ కూర్చుంటారు, టో పైభాగం వెనుకబడిపోతుంది. ఆ గుర్తుల మీద నేరుగా బలంగా కొట్టకుండా, వాటి చుట్టూ మొదలుపెట్టి లోపలికి వస్తూ రెండు మూడు పూటలు తేలికగా కొట్టండి. పక్కనున్న మూలను 45 డిగ్రీల వాలులో మళ్లీ ఒకసారి చూసుకోండి. తరువాత అదే పాత బంతితో, అదే వేగంతో మళ్లీ ఆడించండి. గుర్తులు పైపైన మాత్రమే పడితే నెట్స్‌కు పంపవచ్చు, కానీ మొదటి కొన్ని సార్లు కొత్త బంతికీ, పాదాల దగ్గర పడే యార్కర్లకూ దూరంగా ఉంచండి. ముఖం మీద వెంట్రుకవంటి సన్నని గీతలు కనిపిస్తే గాభరా పడకండి, విల్లోకు అవి సహజమే. పగులు అంచు నుంచి లోపలికి పాకుతున్నా, గోటికి తగిలేంత విచ్చుకున్నా మాత్రం మ్యాలెట్‌ను పక్కన పెట్టి, బ్యాట్లు బాగుచేసేవారికి చూపించండి.