ఇగ్బో వాళ్లింట్లో కోలా గింజ ఇస్తే ఎలా అందుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం నైజీరియాలోని లాగోస్‌లో ఉంటున్నాం. మా వారితో పనిచేసే ఇగ్బో (ఇక్కడి ఒక జాతి) ఆయన ఆగస్టులో కొత్త పెండలం పండగకి, అంటే ఇరి జికి, అనాంబ్రా రాష్ట్రంలోని వాళ్ల ఊరికి రమ్మని పిలిచారు. వెళ్లాలని చాలా ఆశగా ఉంది, కానీ పద్ధతి తప్పుతామేమోనని టెన్షన్.

ఇంటికొచ్చిన వాళ్లకి వాళ్లు ముందు ఇచ్చేది కోలా గింజే. కోలా తెచ్చినవాడు ప్రాణం తెచ్చినట్టేనని వాళ్ల సామెత. పెద్దాయన ఇగ్బోలోనే ప్రార్థన చేస్తారు, ఎందుకంటే కోలాకి ఇంగ్లీషు రాదంటారు! ఆ మాట నాకెంత నచ్చిందో. విడదీశాక బద్దలు లెక్కపెడతారు. నాలుగుంటే వాళ్ల వారంలోని నాలుగు సంత రోజులకి గుర్తు: ఎకె, ఓరియె, అఫో, న్క్వో.

ఆడవాళ్లు కోలా విడదీయరని తెలుసు. మరి పళ్లెం నా ముందుకొస్తే ముట్టుకుని పక్కవాళ్లకి పంపాలా, ఊరుకోవాలా? చేదుగా ఉంటుంది కదా, కొంచెం కొరికితే చాలా? పెద్దాయనకి మేం ఏం తీసుకెళ్తే బాగుంటుంది? మేం మందు ముట్టం, కల్లు పోస్తే నొప్పించకుండా వద్దని ఎలా చెప్పాలి?

ఇగ్బో ఊళ్లకి వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.