ఒక్కరోజు సేవ: గ్వాటెమాలాలో కాంక్రీటు నేల మనమే పోయాలా, డబ్బు పంపాలా?

యూత్_కోఆర్డినేటర్:
అందరికీ వందనాలు. టెక్సాస్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘం యూత్, 12 మంది, జులైలో గ్వాటెమాలా వెళ్తున్నారు. ఒకరోజు సేవగా 4 × 5 మీటర్ల మట్టినేల గదికి కాంక్రీటు వేయమని అక్కడి సంఘం అడిగింది. "టికెట్ల డబ్బు పంపేస్తే ఎన్నో ఇళ్లకు నేలలు పడతాయి కదా" అని మా పెద్దల్లో ఒకాయన అంటున్నారు. మీరేమంటారు?

తాపీమేస్త్రీ:
పెద్దాయన మాట కొట్టిపారేయలేం. ముందు పనెంతో చూడండి. 8 సెం.మీ. మందానికి 1.6 ఘనపు మీటర్లు. 1:2:3 పాళ్లలో 14 బస్తాల సిమెంటు, 0.8 ఘ.మీ. ఇసుక, 1.2 ఘ.మీ. కంకర. అక్కడ బస్తా 42.5 కిలోలు. మన 50 కిలోల లెక్కన తెప్పిస్తే పోత మధ్యలో రెండు బస్తాలు తక్కువ పడతాయి. అంతా కలిపి నాలుగు టన్నుల దాకా పారలతో తిప్పాలి.

నీళ్లు బస్తాకు 21 లీటర్లు దాటకూడదు. జులై అక్కడ వానాకాలం, ఇసుక తడిగా ఉంటుంది కాబట్టి ఇంకా తగ్గించాలి. పార కదలట్లేదని కుర్రాళ్లు ఇంకో బకెట్ గుమ్మరిస్తారు, అక్కడే చెడుతుంది. నీళ్లు పైకి తేలి, పైపొర బలం లేకుండా గట్టిపడుతుంది. ఆ తర్వాత చీపురు పట్టినప్పుడల్లా దుమ్మే. కాంక్రీటు కలిపేది ఆరుబయట, మధ్యాహ్నాలు వాన ఎక్కువ, పదకొండుకల్లా పోత అయిపోవాలి.

డబ్బే_పంపండి:
అందుకే వద్దంటున్నా. ఆ 14 బస్తాల ధర ఒక్క విమాన టికెట్‌లో సగం కూడా ఉండదు. మెక్సికోలో 2000లో కోవావిలా రాష్ట్రంలో మట్టినేలల ఇళ్ల కోసం మొదలైన 'పీసో ఫిర్మే' (గట్టి నేల) పథకం చూడండి. ప్రభుత్వం కాంక్రీటు లారీలో తెచ్చి ఇచ్చింది, పరుచుకున్నది ఆ కుటుంబాలే. పిల్లల్లో పరాన్నజీవుల బెడద 78 శాతం తగ్గిందని 2009లో అచ్చయిన పరిశోధన చెప్పింది. ఒక్క వాలంటీరూ విమానం ఎక్కలేదు. మీరెళ్తే ఊళ్లో కూలీకి ఆ రోజు పని పోతుంది.

నర్సు_సిస్టర్:
బ్రదర్, అక్కడి సంఘమే రమ్మంది కదా, ఆ మాటా లెక్కలోకి తీసుకోండి. వెళ్తే మాత్రం రబ్బరు బూట్లు, గ్లవ్స్ తప్పనిసరి. తడి సిమెంటు ఘాటైన క్షారం. స్పోర్ట్స్ షూలోకి దిగితే వెంటనే మంట తెలియదు, సాయంత్రానికి చర్మం కాలి ఊడుతుంది. ఇంకోటి, పోసిన రాత్రి ఆ కుటుంబం పడుకునేదెక్కడో ముందే మాట్లాడారా?

తాపీమేస్త్రీ:
మంచి ప్రశ్న, సిస్టర్. 24 గంటల తర్వాత నడవొచ్చు, మంచాలూ బీరువాలూ వారం ఆగాలి. ఆ వారమంతా గోనెసంచులు పరిచి తడుపుతూనే ఉండాలి. శనివారం పోసి సోమవారం విమానమెక్కే టీమ్ ఆ పని ఎవరికి అప్పజెబుతుంది? ఊరి మేస్త్రీకి వారం కూలి ముందే ఇచ్చి, పోత ఆయన చేతిలో పెట్టండి. కూలి పోతుందన్న బాధా ఉండదు.

యూత్_కోఆర్డినేటర్:
వానలు లేని డిసెంబరుకు మారిస్తే? కానీ క్రిస్మస్ నెలలో క్యారల్స్ వదిలి ఎవరూ రారు.

తాపీమేస్త్రీ:
అయితే జులైలోనే వెళ్లండి. పోతకు ముందురోజు మెత్తమట్టి తీసి, గట్టినేల దాకా తవ్వి, దిమ్మిస కొట్టి, లెవెల్ చూసుకునే బద్దలు కట్టేదాకా మీ పని. కప్పు కింద పని కాబట్టి వానతో పేచీ లేదు. నేల మట్టం మాత్రం బయటి వాకిలి కన్నా 10 సెం.మీ. ఎత్తున ఉంచండి, లేదంటే నీళ్లన్నీ లోపలికే.