ఫోన్‌తో రెటీనా (కంటి వెనక పొర) ఫొటో: ధ్రువణ ఫిల్మ్ (ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే వదిలే పొర) పెట్టినా ఫ్లాష్ ప్రతిబింబపు తెల్ల మచ్చ పోవడం లేదు, ఎలా?

అమరిక ఇది: కంటిపాపకు 60 మి.మీ. దూరంలో 20 డయాప్టర్ల (నాభ్యంతరం 50 మి.మీ.) కటకం, దానికి 300 మి.మీ. వెనక ఫోన్, మధ్యలో నల్ల కాగితం అంటించిన గొట్టం. ఫ్లాష్ వీడియో మోడ్‌లో, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి.

ఫ్లాష్‌కు, కెమెరాకు మధ్య 12 మి.మీ. ఎడం ఉంది. ఈ దూరాల్లో అది కంటిపాప దగ్గర ఐదో వంతుకు, అంటే 2.4 మి.మీ.కు తగ్గుతుంది. ట్రోపికమైడ్ (పాపను పెద్దది చేసే కంటి చుక్కలు) వేసి పాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటే, వెలుతురు లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి రెండూ అందులో సుఖంగా పడతాయి. చుక్కలు వేయకపోతే ఒకటి ఐరిస్‌కు (పాప చుట్టూ ఉండే రంగు వలయానికి) తగిలి సగం చిత్రం నల్లబడుతుంది. ఇక్కడిదాకా అర్థమైంది.

సమస్య కటకం మెరుపుది. దాని రెండు తలాల మీదా ఫ్లాష్ మచ్చ పడుతుంది; కటకాన్ని కొద్దిగా వంచితే ఆ మచ్చలు రెండూ చెరో పక్కకు జరుగుతాయి, ఎక్కువ వంచితే అంచులు సాగిపోతాయి. ఫ్లాష్ మీద ఒకటి, కెమెరా మీద 90 డిగ్రీలు తిప్పి ఇంకొకటి ధ్రువణ ఫిల్మ్ పెడితే ఫోన్ వైపు తలం మచ్చ మాయమైంది, కంటి వైపు తలందీ కార్నియాదీ (కంటి ముందరి పారదర్శక పొరదీ) మిగిలాయి. కటకం అక్రిలిక్‌ది, పోతపోసేటప్పుడు లోపల మిగిలిన ఒత్తిడే ధ్రువణాన్ని తిప్పుతోందని అనుమానం. పైగా వెలుతురు నాలుగో వంతుకు పడిపోయి గ్రెయిన్ వస్తోంది.

గాజు కటకానికి మారితే సరిపోతుందా? లేక ఫిల్మ్‌లు తీసేసి, చిన్న అద్దంతో ఫ్లాష్‌ను కెమెరాకు దగ్గర చేయడం మేలా? దగ్గరైతే కార్నియా మెరుపు పెరుగుతుంది కదా, ఎంత ఎడం ఉంచుతున్నారు? కొలతలతో చెప్పగలరు.